ఇంట్లో మైనస్ 2 పెడితే సరిగ్గా వస్తోంది, ల్యాబ్‌లో అదే ప్రోగ్రామ్ తప్పు చెబుతోంది

సోంపేట_విద్యార్థిని

అందరికీ నమస్కారం. నేను బీఎస్సీ కంప్యూటర్స్ మొదటి సంవత్సరం చదువుతున్నాను. ఇంటర్ దాకా తెలుగు మీడియమే. ఇంట్లో కంప్యూటర్ లేదు. ఫోన్‌లో టెర్మక్స్ అనే యాప్ వేసుకుని, సాయంత్రం అమ్మ జీడిపప్పు పని నుంచి వచ్చేలోపు ఓ రెండు గంటలు సీ భాష ప్రాక్టీస్ చేస్తుంటాను. వచ్చే శుక్రవారం ప్రాక్టికల్ ఉంది. అందుకే కాస్త టెన్షన్‌గా ఉంది.

ప్రోగ్రామ్ ఏమిటంటే, ఇచ్చిన పదం ముందు నుంచి చదివినా వెనక నుంచి చదివినా ఒకటేనా కాదా చెప్పాలి. అదే, పాలిండ్రోమ్. కోడ్‌ను మా సార్ బోర్డు దగ్గర పైకి చదివినట్టు తెలుగులోనే రాస్తున్నాను, ఫోన్‌లో నాకు అదే తేలిక.

ఛార్ ఎస్[20];
ఇంట్ ఐ, జె, ఫ్లాగ్ = 1;
ఎఫ్‌గెట్స్(ఎస్, 20, ఎస్‌టీడీఇన్);
జె = స్టర్‌లెన్(ఎస్) - 2;
ఫర్ (ఐ = 0; ఐ < జె; ఐ++, జె--)
ఇఫ్ (ఎస్[ఐ] != ఎస్[జె]) ఫ్లాగ్ = 0;

తర్వాత ప్రింట్‌ఎఫ్‌తో పదాన్ని చూపిస్తాను. ఫ్లాగ్ 1 ఉంటే "ఔను", లేకపోతే "కాదు" అని వేస్తాను.

మొదట జె = స్టర్‌లెన్(ఎస్) అని మాత్రమే రాశాను. ఏ పదం ఇచ్చినా "కాదు" అనే వచ్చింది. మైనస్ 1 పెట్టాను, అప్పుడూ అంతే. మైనస్ 2 పెట్టాను, అన్నీ సరిగ్గా వచ్చాయి. ఎందుకు వచ్చాయో నాకు తెలియదు. తెలియకుండా పెట్టిన ఆ 2ను చూసినప్పుడల్లా మనసులో గుచ్చుకుంటోంది.

నిన్న ల్యాబ్‌లో టర్బో సీ అనే పాత కంపైలర్‌లో వేశాను. రికార్డులో గెట్స్ అని ఉంది కాబట్టి ఎఫ్‌గెట్స్ లైను ఒక్కటి తీసి గెట్స్(ఎస్) అని పెట్టాను. మిగతాది ఒక్క అక్షరం కూడా మార్చలేదు. ఇంగ్లీషులో మేడమ్ అని ఇస్తే "కాదు" అంది. రెండోసారి కొట్టేటప్పుడు చివర పొరపాటున ఎస్ పడి మేడమ్స్ అయింది. దానికి "ఔను" అంది! మూడుసార్లు చేసి చూశాను, ప్రతిసారీ అంతే.

ఇంకొకటి. ఇంట్లో సరదాకి తెలుగులో వికటకవి అని కొట్టాను. "కాదు" అని వచ్చింది. పదం కూడా సగంలో తెగిపోయి, చివర నల్లటి డైమండ్‌లో ప్రశ్నార్థకం పడింది. స్టర్‌లెన్ ఎంతో ప్రింట్ చేస్తే 19 వచ్చింది. వికటకవిలో 5 అక్షరాలే కదా, 19 ఎక్కడి నుంచి వచ్చింది? దయచేసి ఎవరైనా అర్థమయ్యేలా చెప్పండి.

---

బీటెక్_సెకండియర్

సిస్టర్, సింపుల్. ల్యాబ్‌లో మైనస్ 1 పెట్టండి, ఇంట్లో మైనస్ 2 పెట్టండి. ఎఫ్‌గెట్స్ ఒక క్యారెక్టర్ ఎక్కువ తీసుకుంటుంది, గెట్స్ తీసుకోదు. శుక్రవారానికి ఇది చాలు. తెలుగు సంగతి వదిలేయండి, సిలబస్‌లో లేదు.

---

సోంపేట_విద్యార్థిని

థాంక్యూ అన్నా. మైనస్ 1 పెడితే ల్యాబ్‌లో వస్తుందని అర్థమైంది. కానీ ఎప్పుడు 1 పెట్టాలి, ఎప్పుడు 2 పెట్టాలి అన్నది గుర్తుపెట్టుకోవాల్సిన విషయమా? వైవాలో "2 ఎందుకు" అని అడిగితే ఏం చెప్పాలి? ఆ ఎక్కువ క్యారెక్టర్ ఏమిటి?

---

పాత_ల్యాబ్_మాస్టారు

అమ్మా, నువ్వు అడిగిన చివరి ప్రశ్న సరైన ప్రశ్న. పాలిటెక్నిక్‌లో ఇరవై ఆరేళ్లు ల్యాబ్ చూసుకున్నాను. ఆ నీలం తెర ముందు ప్లస్ 1, మైనస్ 1 మార్చి మార్చి, ఇచ్చిన ఒక్క శాంపిల్‌కి జవాబు రాగానే సంతకం కోసం పరిగెత్తుకొచ్చిన పిల్లలను వందలమందిని చూశాను. మళ్లీ కూర్చోబెట్టి వాళ్లకు నేను చేతికిచ్చింది ఒక తెల్ల కాగితం, ఒక పెన్సిలు. నువ్వూ ఇప్పుడు ఫోన్ పక్కన పెట్టి కాగితం తీసుకో.

ఏడు గళ్లు గియ్యి. వాటికి 0 నుంచి 6 దాకా నంబర్లు వెయ్యి. మేడమ్ అని కొట్టి ఎంటర్ నొక్కినప్పుడు ఆ గళ్లలో ఏం పడుతుందో చూడు.

గడి: 0 | 1 | 2 | 3 | 4 | 5 | 6
ఎఫ్‌గెట్స్‌తో: ఎం | ఏ | డి | ఏ | ఎం | కొత్త లైను | \0
గెట్స్‌తో: ఎం | ఏ | డి | ఏ | ఎం | \0 | గార్బేజ్

నువ్వు నొక్కిన ఎంటర్ కూడా ఒక క్యారెక్టరే. దాన్ని కోడ్‌లో బ్యాక్‌స్లాష్ ఎన్ అని రాస్తాం. ఎఫ్‌గెట్స్ దాన్ని కూడా తెచ్చి గడిలో పెడుతుంది. గెట్స్ దాన్ని పారేస్తుంది. ఇక \0 అనేది "పదం ఇక్కడితో అయిపోయింది" అని చెప్పే గుర్తు. సీ భాషలో స్ట్రింగ్‌కి తన పొడవు ఎంతో తెలియదు. స్టర్‌లెన్ గడి 0 దగ్గర మొదలుపెట్టి \0 కనబడేదాకా నడుస్తూ లెక్కపెడుతుంది. \0ను మాత్రం లెక్కలో వేసుకోదు.

ఇప్పుడు నీ ఫోన్‌లో జరిగింది చూద్దాం. ఎఫ్‌గెట్స్‌తో స్టర్‌లెన్ 6. జె = 6 అంటే గడి 6, అక్కడ \0 ఉంది. గడి 0లో ఎం ఉంది. రెండూ ఒకటి కాదు, మొదటి పోలికలోనే ఫ్లాగ్ 0 అయిపోయింది. మైనస్ 1 పెడితే జె = 5, అక్కడ కొత్త లైను గుర్తు. అదీ ఎం కాదు. మైనస్ 2 పెడితే జె = 4, అక్కడ ఎం ఉంది, సరిపోయింది. నీ 2లో ఒకటి "గళ్లు 0 నుంచి మొదలవుతాయి" కాబట్టి తీసేసింది. రెండోది ఎంటర్ కోసం తీసేసింది. రెండు వేరు వేరు కారణాలు ఒకే అంకెలో కలిసిపోయాయి. అందుకే నీకది అంతు చిక్కలేదు.

ల్యాబ్‌లో గెట్స్‌తో స్టర్‌లెన్ 5. మైనస్ 2 అంటే జె = 3. గడి 0లో ఎం, గడి 3లో ఏ. "కాదు" అంది. మేడమ్స్‌కి స్టర్‌లెన్ 6, జె = 4. చివరి ఎస్ గడి 5లో కూర్చుని ఉంది, నీ లూప్ దాన్ని అసలు చూడనే లేదు. మేడమ్ వరకే చూసి "ఔను" అంది. ఆ పొరపాటు కీ నీకు చేసిన మేలు చాలా పెద్దది. తప్పును "ఔను" అన్న ప్రోగ్రామ్ ల్యాబ్‌లో ఎవరి కంటా పడదు, ఎందుకంటే ఎవరూ తప్పు పదం ఇచ్చి చూడరు.

"ల్యాబ్‌లో 1, ఇంట్లో 2" అనుకుంటే ఇంట్లో కూడా ఒకరోజు దెబ్బ తింటావు. ఎఫ్‌గెట్స్ కొత్త లైను గుర్తును ఎప్పుడూ ఇస్తుందని నమ్మకం లేదు. ఇన్‌పుట్‌ను ఫైల్ నుంచి ఇచ్చి, ఆ ఫైల్ చివరి లైనులో ఎంటర్ లేకపోతే అది రాదు. పదం పొడవు 19 గానీ అంతకంటే ఎక్కువ గానీ ఉంటే రాదు, ఎందుకంటే 20 గళ్లలో ఒకటి \0కి పోను 19కే చోటు ఉంది. విండోస్‌లో చేసిన ఫైలును లినక్స్‌లో చదివితే లైను చివర ఒకటి కాదు, రెండు గుర్తులు ఉంటాయి. అప్పుడు నీకు మైనస్ 3 కావాలి. అంకె మారుస్తూ పోతే ఎక్కడా ఆగదు.

చేయాల్సింది ఇది. చదవగానే చివరి చెత్త తీసేయి, ఆ తర్వాతే పోల్చు.

ఎన్ = స్టర్‌లెన్(ఎస్);
వైల్ (ఎన్ > 0 && (ఎస్[ఎన్-1] == 10 || ఎస్[ఎన్-1] == 13)) ఎస్[--ఎన్] = 0;
జె = ఎన్ - 1;

10 అంటే కొత్త లైను గుర్తు, 13 అంటే విండోస్ దాని ముందు పెట్టే రెండో గుర్తు. గుర్తు ఉంటే తీస్తుంది, లేకపోతే ముట్టుకోదు. ఇక మైనస్ 1కి ఒక్కటే అర్థం మిగిలింది: చివరి గడి నంబరు పొడవు కంటే ఒకటి తక్కువ. ఎన్ > 0 అన్న షరతు మాత్రం వదలొద్దు. ఎవరైనా ఊరికే ఎంటర్ కొడితే ఎన్ సున్నాకి వస్తుంది, అది లేకపోతే ఎస్[-1] చూడటానికి పోతావు.

ఈ వేరియబుల్స్ ఇంట్‌గానే ఉంచు. ఇంటర్నెట్‌లో కొందరు జెను సైజ్‌టీ అని డిక్లేర్ చేస్తారు. అందులో మైనస్ అంకెలు ఉండవు. సున్నాలోంచి 1 తీస్తే 64 బిట్ మెషీన్‌లో 18446744073709551615 అవుతుంది. అప్పుడు ఐ < జె నిజమైపోయి లూప్ ఎక్కడికో పోతుంది.

గెట్స్ గురించి చెప్పకపోతే నాకు నిద్ర పట్టదు. దానికి నీ గళ్లు ఎన్నో చెప్పే దారే లేదు, బ్రాకెట్లో ఒక్క ఎస్ మాత్రమే ఇస్తున్నావు చూడు. ముప్పై అక్షరాలు కొడితే ముప్పై రాసేస్తుంది. ఇరవై గళ్లు దాటాక పక్కనున్న మెమరీ మీద పడుతుంది. టర్బో సీలో అక్కడ నీ ఐ, జె, ఫ్లాగ్ ఉండొచ్చు. 1988 నవంబరులో ఇంటర్నెట్‌లో వేల కంప్యూటర్లను ముంచిన మోరిస్ వార్మ్ అనే ప్రోగ్రామ్ లోపలికి దూరిన దారుల్లో ఇదొకటి. ఫింగర్ అనే సర్వీసు 512 బైట్ల బఫర్‌లోకి గెట్స్‌తో చదివేది, ఆ వార్మ్ దానికి 512 దాటి పంపింది. 2011లో వచ్చిన సీ ప్రమాణం నుంచి గెట్స్‌ను పూర్తిగా తీసేశారు. మీ టర్బో సీ అంతకు చాలా ముందుది కాబట్టి ఇంకా ఒప్పుకుంటోంది. ఎఫ్‌గెట్స్ టర్బో సీలో కూడా ఉంది, అక్కడా బాగా పనిచేస్తుంది. మీ సార్‌ను వినయంగా అడుగు, "సార్, ఎఫ్‌గెట్స్ వాడొచ్చా, కారణం చెప్పగలను" అని. కారణం చెప్పగలిగిన పిల్లను ఏ సారూ కాదనరు.

ల్యాబ్‌లో ఇంకో పని చెయ్యి. కంట్రోల్ ఎఫ్7 నొక్కి ఐ, జె, ఎస్[ఐ], ఎస్[జె] నాలుగూ వాచ్‌లో పెట్టు. ఆ తర్వాత ఎఫ్8 నొక్కుతూ ఒక్కో లైను నడిపించు. కింద పెట్టెలో విలువలు మారుతుంటాయి. కాగితం మీద నువ్వు రాసిన విలువ, పెట్టెలో కనిపించిన విలువ ఎక్కడ వేరైతే తప్పు అక్కడే ఉంది. ఫోన్‌లో వాచ్ లేదు కాబట్టి లూప్ పెట్టి ప్రతి గడిని పర్సెంట్ డితో అంకెగా ప్రింట్ చెయ్యి. పర్సెంట్ సితో వేస్తే కొత్త లైను కంటికి కనబడదు, అంకెగా వేస్తే 10 అని ఎదురుగా నిలబడుతుంది.

వికటకవితోనూ అదే చెయ్యి. ఏ అంకెలు వచ్చాయో ఇక్కడ పెట్టు, అప్పుడు మాట్లాడుకుందాం.

---

సోంపేట_విద్యార్థిని

మాస్టారూ, చాలా చాలా థాంక్స్ అండీ. కాగితం మీద గీశాను. మేడమ్స్‌కి గళ్లు గీసి, జె 4 దగ్గర వేలు పెట్టి, చివరి ఎస్ వైపు ఎవరూ చూడటం లేదని తెలిసిన క్షణంలో అమ్మను పిలిచి చూపించాను. ఆవిడకు ఇంగ్లీషు రాదు. అయినా గళ్లు చూసి "చివరిదాన్ని వదిలేస్తోంది కదా" అంది.

మేడమ్‌కి వచ్చిన అంకెలు: 109 97 100 97 109 10.

వికటకవికి: 224 176 181 224 176 191 224 176 149 224 176 159 224 176 149 224 176 181 224.

లెక్కపెడితే 19 ఉన్నాయి. చివర 10 లేదు! అంటే మీరు చెప్పినట్టు ఇక్కడ ఎంటర్ గుర్తు రానేలేదు, నా మైనస్ 2 ఇంట్లో కూడా తప్పే అయ్యేది.

నా ఫ్రెండ్ వాళ్లన్నయ్య ల్యాప్‌టాప్‌లో ఇదే ప్రోగ్రామ్ వేయిస్తే -32 -80 -75 అని మైనస్ అంకెలు వచ్చాయట. ఒకే పదానికి రెండు రకాల అంకెలు ఎలా వస్తాయి?

---

పాత_ల్యాబ్_మాస్టారు

మొదట ఆ మైనస్ సంగతి. రెండూ ఒకే బైట్. ఒక బైట్‌లో 256 విలువలు పడతాయి. ఛార్ అంటే 0 నుంచి 255 అనుకోవాలా, -128 నుంచి 127 అనుకోవాలా అన్నది సీ ప్రమాణం కంపైలర్‌కే వదిలేసింది. మామూలు ఇంటెల్ ల్యాప్‌టాప్‌లో మైనస్‌లు వస్తాయి, నీ ఫోన్‌లోని ఏఆర్ఎం చిప్‌లో రావు. 224లోంచి 256 తీస్తే -32. 176కి -80, 181కి -75. చూశావా, సరిపోయాయి. ఎస్‌ను అన్‌సైన్డ్ ఛార్ అని డిక్లేర్ చేస్తే రెండుచోట్లా 224 అనే వస్తుంది.

తెలుగు అక్షరాల గురించి చెప్పడానికి నాకంటే బాగా తెలిసినవాళ్లు ఇక్కడ ఉన్నారు.

---

ఫాంటు_పని

చెల్లీ, నేను తెలుగు ఫాంట్ల పని చేస్తాను, రోజంతా ఈ 224, 176లతోనే నా బతుకు. నీ అంకెలు చూడగానే ఆగలేక రాస్తున్నాను.

వాటిని మూడేసి చొప్పున విడగొట్టు. 224 176 181 అంటే వ. 224 176 191 అంటే గుడి, వ మీద పెట్టే ఇ గుర్తు. 224 176 149 అంటే క. 159తో ముగిసేది ట. మళ్లీ క, మళ్లీ వ. ఆ తర్వాత ఒంటరిగా ఒక 224. అది చివరి గుడికి మొదటి బైట్. ఎఫ్‌గెట్స్‌కి 19కే చోటు ఉంది కాబట్టి మూడు బైట్ల గుర్తును ఒక బైట్ దగ్గరే కోసేసింది. మిగిలిన 176, 191 ఇంకా ఇన్‌పుట్‌లోనే ఉండిపోయాయి. నువ్వు చూసిన నల్ల డైమండ్ ఆ ఒంటరి 224. "ఇది ఏ అక్షరమో నాకు తెలియడం లేదు" అని టెర్మినల్ అలా చూపిస్తుంది. ఎస్ సైజు 200 చేసి మళ్లీ చూడు, 21 బైట్లు, ఒక ఎంటర్, మొత్తం 22 వస్తాయి.

ఈ పద్ధతి పేరు యూటీఎఫ్-8. 1992 సెప్టెంబరులో కెన్ థాంప్సన్, రాబ్ పైక్ దీన్ని తయారుచేశారు. థాంప్సన్ అంటే సీ భాషను తయారుచేసిన డెన్నిస్ రిచీతో కలిసి బెల్ ల్యాబ్స్‌లో యూనిక్స్ రాసిన మనిషే. అందుకే ఇది సీ స్ట్రింగ్‌లకు ఇంత చక్కగా సరిపోయింది. ఏ తెలుగు అక్షరంలోనూ 0 అనే బైట్ రాదు, కాబట్టి స్టర్‌లెన్ మధ్యలో ఆగిపోదు. ఇంగ్లీషు అక్షరాలు ఎప్పటిలాగే ఒక్కో బైట్. మన తెలుగు అక్షరాలకు, గుణింతపు గుర్తులకు ఒక్కోదానికి మూడు బైట్లు.

ఇప్పుడు నీ లూప్‌కి ఏం కనబడుతుందో ఆలోచించు. ముందు నుంచి 224, వెనక నుంచి 191. మొదటి పోలికలోనే "కాదు". జలజ అని ఇచ్చి చూడు, దానికి కూడా "కాదు" అంటుంది. బైట్లు తిరగేస్తే అవి తెలుగే కాకుండా పోతాయి.

మూడేసి బైట్లను కలిపి ఒక అంకె చేస్తే కొంత దారికి వస్తుంది. మొదటి బైట్‌లోంచి 224 తీసి 4096తో గుణించు, రెండోదాంట్లోంచి 128 తీసి 64తో గుణించు, మూడోదాంట్లోంచి 128 తీసి కలుపు. వకి: 0, 48 × 64 = 3072, 53. మొత్తం 3125. అన్ని భాషల అక్షరాలకూ నంబర్లు ఇచ్చే యూనికోడ్ పట్టికలో వ నంబరు అదే. మన తెలుగుకి 3072 నుంచి 3199 వరకూ కేటాయించారు. ఈ నంబర్లతో పోలిస్తే జలజ, నటన, మడమ అన్నీ "ఔను" వస్తాయి.

వికటకవికి మాత్రం అప్పుడు కూడా "కాదు" అనే వస్తుంది. నంబర్ల వరుస వ, గుడి, క, ట, క, వ, గుడి. వెనక నుంచి చూస్తే మొదట గుడి వస్తుంది, తర్వాత వ. మనం నోటితో వి-క-ట-క-వి అంటాం. గుడిని విడిగా ఎవరూ పలకరు. తెనాలి రామకృష్ణుడిని వికటకవి అన్న ఈ దేశంలో ఆ పదాన్ని కంప్యూటర్ "కాదు" అనడం నాకు ఎప్పుడూ బాధగానే ఉంటుంది. తప్పు పదానిది కాదు. మనం అడిగిన ప్రశ్న అక్షరాల గురించి, ప్రోగ్రామ్ చూస్తున్నది నంబర్లను.

అందుకని ఒక్కో అక్షరం ఎక్కడ మొదలవుతుందో ముందు రాసిపెట్టుకో. ఇంట్ మొదలు[100] అని ఒక ఎరే తీసుకుని, స్ట్రింగ్ వెంట మూడేసి బైట్లు నడుస్తూ నంబరు కట్టు. ఆ నంబరు 3134 నుంచి 3149 లోపు ఉంటే అది గుణింతపు గుర్తో పొల్లో, ముందున్న అక్షరంలో భాగం. 3073, 3074, 3075 అంటే అరసున్న, సున్న, విసర్గ, అవీ ముందుదాంట్లో భాగమే. ఇవి కాకపోతే కొత్త అక్షరం, దాని స్థానాన్ని ఎరేలో రాసుకో. వికటకవికి 0, 6, 9, 12, 15 రావాలి. చివరి హద్దు 21. అంటే 6, 3, 3, 3, 6 బైట్ల ముక్కలు. మొదటి ముక్క పొడవూ చివరి ముక్క పొడవూ ఒకటేనా చూడు, ఒకటైతే బైట్లను పోల్చే మెమ్‌సీఎంపీ ఫంక్షన్‌తో ఆ ముక్కలను పోల్చు. తర్వాత ఐ పెంచు, జె తగ్గించు. నీ పాత లూప్ నడకే, గడి బదులు అక్షరం మీద.

ఒత్తుల సంగతి కావాలనే చెప్పడం లేదు. అమ్మ అని ఇచ్చి ఎన్ని అక్షరాలు వచ్చాయో చూసి చెప్పు.

---

బీటెక్_సెకండియర్

సిస్టర్, నేను ముందు చెప్పిన సలహా వెనక్కి తీసుకుంటున్నాను. ఎఫ్‌గెట్స్ 19 దగ్గర ఆగిపోతే ఎంటర్ రాదన్నది నాకూ తెలియదు. మా కాలేజీలో ఇచ్చిన అసైన్‌మెంట్‌లో నాదీ ఇదే మైనస్ 2, ఇవాళ సరిచేశాను. ఒక చిన్న మాట కలుపుతాను. టెర్మక్స్‌లో క్లాంగ్ కంపైలర్ వాడేటప్పుడు మైనస్ డబ్ల్యూ ఆల్, మైనస్ డబ్ల్యూ ఎక్స్‌ట్రా అనే రెండు ఆప్షన్లు పెట్టండి, అనుమానం ఉన్న లైన్లను కంపైలర్ ముందే చూపిస్తుంది. ఇంకా మైనస్ ఎఫ్ శానిటైజ్ ఈక్వల్స్ అడ్రస్ అని ఉంటుంది. అది పెట్టి నడిపితే గళ్లు దాటిన చోట ప్రోగ్రామ్ ఆగి, ఏ లైనో చెబుతుంది. లైను నంబరు కనబడాలంటే మైనస్ జి కూడా ఉండాలి.

---

సోంపేట_విద్యార్థిని

అక్కా, మాస్టారూ, అన్నా, అందరికీ నమస్కారం.

మొదట ల్యాబ్ సంగతి. సార్‌ను అడిగాను. గళ్లు గీసిన కాగితం చూపించి ఎంటర్ గురించి, మేడమ్స్ గురించి చెప్పాను. సార్ తన సీటులోంచి లేచి వచ్చి మేడమ్స్ ఆయనే కొట్టి చూశారు. ఎఫ్‌గెట్స్ వాడమన్నారు. వాచ్ పెట్టడం మా బ్యాచ్‌లో ఎవరికీ తెలియదు. కంట్రోల్ ఎఫ్7 నొక్కగానే చిన్న పెట్టె వచ్చింది, పక్క సిస్టమ్స్ వాళ్లు వచ్చి చూశారు. ఎఫ్8 నొక్కుతుంటే ఐ ఒక పక్క నుంచి, జె ఇంకో పక్క నుంచి నడిచి మధ్యలో డి దగ్గర కలిశాయి. కాగితం మీద గీసింది కళ్ల ముందు కదులుతుంటే చాలా సంతోషమేసింది. రకరకాలుగా ఇచ్చి చూశాను: ఊరికే ఎంటర్, ఒకే అక్షరం, రెండు వేరే అక్షరాలు, మేడమ్స్. అన్నీ సరిగ్గా వచ్చాయి.

ఇంట్లో తెలుగుది మూడు సాయంత్రాలు పట్టింది. సైజు 200 చేశాను. వికటకవికి 0, 6, 9, 12, 15 వచ్చాయి, అక్షరాలు 5, "ఔను" అని పడింది. అది చూసి కాసేపు ఏమీ చేయకుండా ఆ తెరనే చూస్తూ కూర్చున్నాను. నందనానికి 3, కునుకుకి 3, రెండూ "ఔను".

అమ్మకి 3 వచ్చింది అక్కా. రెండు రావాలి కదా. కాగితం మీద గీశాను: అ, మ, పొల్లు, మ. పొల్లు ముందు మలో కలిసింది, రెండో మ కొత్త అక్షరం అయిపోయింది. అది ఒత్తు కాబట్టి ముందుదాంట్లోనే కలవాలి. అందుకే అంతకుముందు నంబరు ఏమిటో ఒక వేరియబుల్‌లో దాచుకున్నాను. అది 3149, అంటే పొల్లు, అయితే ఇప్పుడు వచ్చిన హల్లును కొత్తగా లెక్కపెట్టవద్దని ఇఫ్ రాశాను. ఇప్పుడు అమ్మ 2. రాష్ట్రం ఇచ్చాను, అదీ 2.

ఒకే ఒక్క పదం దగ్గర ఆగిపోయాను. సాఫ్ట్‌వేర్ అని ఫోన్‌లో కొడితే 33 బైట్లు వచ్చాయి, అక్షరాలు 5 అంటోంది. సా, ఫ్ట్, వే, ర్ నాలుగే కదా. అంకెల్లో ఒకచోట 226 128 140 అని ఉంది. మిగతావన్నీ 224తోనే మొదలవుతున్నాయి, ఇదొక్కటే 226. నంబరు కడితే 8204 వచ్చింది. తెలుగు నంబర్లు 3199 దాటవన్నారు కదా.

---

ఫాంటు_పని

చెల్లీ, ఒత్తుల నియమం నువ్వే కనిపెట్టుకున్నావు. ఎంత ఆనందంగా ఉందో!

8204 అనేది కంటికి కనబడని గుర్తు. అది లేకపోతే ట్ పక్కన వే ఒత్తుగా కిందికి పోయి, సాఫ్ట్వేర్ అని ముద్దగా పడుతుంది. "ఇక్కడ ఒత్తు కట్టవద్దు, పొల్లుతోనే ఆపు" అని చెప్పడానికి కీబోర్డు దాన్ని మధ్యలో పెడుతుంది. అది అక్షరం కాదు, కాబట్టి 3073 లాగే దాన్ని కూడా ముందు అక్షరంలో కలిపెయ్యి. అంతకుముందు నంబరు దాచే వేరియబుల్‌లో మాత్రం 8204నే ఉంచు, 3149 ఉంచకు. అప్పుడు తర్వాత వచ్చే వ ఒత్తుగా కలిసిపోకుండా కొత్త అక్షరంగా నిలబడుతుంది. ఇఫ్‌లో ఒక్క షరతు పెరుగుతుంది, అంతే.

---

సోంపేట_విద్యార్థిని

4 వచ్చింది అక్కా.